బాలని దాటించండి

1992 జూన్ 25, తెనాలి

ఈ డైరీ ఆఫీసులో జనవరిలోనే ఇచ్చారు. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క రాయలేదు. బాపట్ల ఇంట్లో నేనేం రాసినా అమ్మ చదువుతుంది. చదివి ఊరుకోదు, తప్పులు దిద్దుతుంది. ఇక్కడ చదివేవాళ్ళు లేరు కాబట్టి అన్నీ నిజాలే రాయదలిచాను.

ఇవాళ నా గదిలోకి వచ్చేశాను. చెంచుపేటలో ట్రస్టు వాళ్ళు కట్టిన నాలుగు గదుల వరసలో ఇది రెండోది. కాళ్ళు పనిచెయ్యని వాళ్ళు ఒకరి మీద ఆధారపడకుండా, ఉద్యోగాలు చేసుకుంటూ ఉండడానికి కట్టారు. వీధిలోంచి వరండా మీదికి మెట్లకి బదులు ఏటవాలు దారి. మూడు చక్రాల బండి చేత్తో తిప్పుకుంటూ తిన్నగా గదిలోకి వచ్చి, చక్రాల పీట మీదికి దిగిపోవచ్చు. పొయ్యి గట్టు కూచున్న మనిషికి అందుతుంది. కుళాయి అందుతుంది. స్నానాలగదిలో గోడ పొడుగునా పట్టుకోవడానికి ఇనప కమ్మీలు. ఇవన్నీ ఒక ఎత్తు, తలుపుకి గడప లేకపోవడం ఒక ఎత్తు. లోపలా బయటా గచ్చు ఒకటే మట్టం.

మా బాపట్ల ఇంట్లో గదికొక గడప, ఒక్కొక్కటీ బెత్తెడెత్తు. రెండేళ్ళప్పుడు పోలియో వచ్చి నా కాళ్ళు పడిపోయినప్పటి నుంచి మా ఇంట్లో దాటించడం అనే మాటకి ఒకటే అర్థం. "బాలని దాటించండి." "బాలని దాటించారా?" "ముందు బాలని దాటించి, తరవాత తిందువుగాని." నా పేరు బాలసరస్వతి. వయసు ముప్ఫైమూడు. సరస్వతి సంగతి మా ఇంట్లో అందరూ ఎప్పుడో మర్చిపోయారు.

అన్నయ్య గౌరీశంకరం ఉద్యోగం తెనాల్లో ఉన్నన్నాళ్ళూ నన్ను ప్యాసింజరు ఎక్కించి, దింపి, ఆఫీసులో టైపు మిషను ముందు కూచోబెట్టి వెళ్ళేవాడు. ఇప్పుడు పొన్నూరు బదిలీ అయింది. "ఉద్యోగం మానెయ్యి, మేమంతా లేమా" అంది అమ్మ. మాననన్నాను. నాన్న పేపరు వెనక నుంచి "మీ అమ్మ ఎట్లా అంటే అట్లా" అన్నారు.

ట్రస్టు వ్యవహారాలు చూసే దక్షిణామూర్తి మాస్టారిదీ అదే పాట. "శ్రావణంలో మీ అమ్మగారు వచ్చి, నాలుగు రోజులుండి చూసి, సరేనంటే గది నీకు ఖాయం చేస్తానమ్మా. పెద్దవాళ్ళ మాట లేకుండా ఆడపిల్లని ఉంచుకుంటే ట్రస్టుకి మాటొస్తుంది" అన్నారు. అంటే ఒకరి మీద ఆధారపడకుండా బతకడానికి నేను అమ్మ మీద ఆధారపడాలి. అమ్మ కాదంటే గదీ పోతుంది, ఉద్యోగమూ పోతుంది. మళ్ళీ గడపల మధ్య కూచుని ఎవరు దాటిస్తారా అని చూడాలి.

జూన్ 26

బాపట్ల గుర్తుకు రాలేదు.

జూన్ 28

అన్నం అడుగు మాడింది, పైన పలుకుగా ఉంది. రెండూ ఒకే గిన్నెలో ఎట్లా సాధించానో తెలియదు.

సరిగ్గా అప్పుడే మాస్టారు గుంటూరు నుంచి చందాలిచ్చేవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చారు. "ఈ అమ్మాయి తన వంట తనే చేసుకుంటుందండి" అని నన్ను చూపించారు. వాళ్ళు వరసగా నిలబడి నేను పప్పులో పోపు పెట్టడం చూశారు. ఆవాలు చిటపటలాడగానే ఒకాయన చప్పట్లు కొట్టాడు. మాడు వాసన పీల్చి ఒకావిడ "ఎంత కమ్మగా ఉందో" అంది. ఆవిడకి పెడదామనుకున్నాను గానీ బుద్ధొచ్చి ఊరుకున్నాను.

వాళ్ళు వెళ్ళాక పక్కగది అన్నమ్మ వచ్చి పడీపడీ నవ్వింది. అన్నమ్మది రేపల్లె. లారీ గుద్ది వెన్ను దెబ్బతింటే చక్రాల కుర్చీలోకి వచ్చింది. వరండా చివర ఎస్టీడీ బూతు ఆమెదే. నాకన్నా చిన్నది, నోరు మాత్రం నాకన్నా చాలా పెద్దది.

"నన్ను పోయిన నెల నీళ్ళు తోడుకుని స్నానం చెయ్యడం ఎట్లాగో చెప్పి చూపించమన్నారక్కా. ముందు మాస్టారు చూపిస్తే తరవాత నేను చూపిస్తానన్నా. మళ్ళీ అడగలేదు."

జూలై 3

అమ్మ పక్కింట్లోంచి అన్నమ్మ బూతుకి ఫోను చేసింది. నేను బండెక్కి వెళ్ళేలోపల అన్నమ్మ మొత్తం కాపురం ఒప్పజెప్పింది. నేనేం తిన్నానో, ఏం మాడ్చానో, ఏ చీర కట్టానో.

"గడప ఉందామ్మా అనడిగారక్కా. మా గదులకి గడపలుండవండి అన్నా. ఇంక ఉలుకూ పలుకూ లేదు. లైను పోయినట్టుంది."

ఫోను అందుకున్నాను. లైను పోలేదు. అమ్మ ఊపిరి కూడదీసుకుంటోంది.

"గడప లేని ఇంట్లో ఎట్లా ఉంటున్నావే? శుక్రవారం పసుపు ఎక్కడ రాస్తావు? లక్ష్మీదేవి ఏది చూసుకుని లోపలికొస్తుంది?"

"ఏటవాలు దారి ఉందమ్మా. తిన్నగా వచ్చేస్తుంది."

"తిన్నగా వచ్చింది తిన్నగానే పోతుంది" అంది అమ్మ, ఫోను పెట్టేసింది.

జూలై 5

బాపట్ల గుర్తుకు రాలేదు. ఆదివారం గదా, ఈపాటికి అమ్మ గుత్తివంకాయ మూకుట్లో వేసి నూనె తేలిందా లేదా అని వంగి చూస్తూ ఉంటుంది. నాన్న విసనకర్రతో ఒక చేత్తో ఈగల్ని, ఇంకో చేత్తో పిల్లల్ని తోలుతూ ఉంటారు. వదిన పెరట్లో గోరింటాకు నూరుతూ ఉంటుంది, ఆషాఢం గదా. అంతకు మించి ఏమీ గుర్తుకు రాలేదు.

జూలై 9

ఆఫీసు నుంచి వచ్చేసరికి నా తలుపుకి గడప మొలిచింది.

టేకు గడప. బెత్తెడెత్తు. నిండా పసుపు, మీద కుంకుమ బొట్లు, పైన మామిడాకుల తోరణం. పక్కన చెమటలు కక్కుతూ అన్నయ్య. వెనకాల రంపం సంచీలో సర్దుకుంటూ ఈ పేట వడ్రంగి జమలయ్య. అన్నయ్య మొహం పరీక్ష పాసైన పిల్లాడి మొహంలా ఉంది.

"అమ్మ పంపించింది బాలా. మన దూలాల్లో మిగిలిన టేకు. నీకు చెప్పకుండా పెట్టించమంది, సంతోషిస్తావని. సెలవు పెట్టి వచ్చాను."

బండి ముందు చక్రం గడపకి కొట్టుకుని ఆగింది. అన్నయ్య చక్రం వంక చూశాడు. గడప వంక చూశాడు. నా వంక చూశాడు.

"అరె" అన్నాడు.

తరవాత నన్ను ఎత్తి లోపల దింపాడు. దింపి, చేతులు దులుపుకుని "అందుకే అంటాను. ఎంత కట్టించినా మనిషి తోడు లేనిదే కుదరదు" అన్నాడు. ఇంతకీ ఆ గడప పెట్టించింది తనే. ఆ సంగతి అన్నయ్యకి తట్టలేదు. రైలుకి టైమవుతోందని వెళ్ళిపోయాడు.

బండి బయట, నేను లోపల. ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. అన్నయ్య మంచివాడు, అమ్మ మంచిది, టేకు కూడా మంచిదే. ఇందరు మంచివాళ్ళ మధ్య కోపం ఎవరి మీద చూపించాలో తెలియక గిన్నెలు గట్టిగా తోమాను.

సాయంత్రం మాస్టారు వచ్చి చూసి "చాలా శుభం. ఇప్పుడిది ఇల్లులా ఉందమ్మా" అన్నారు.

జూలై 10

పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళాలంటే, చక్రాల పీట మీంచి దిగి, చేతుల మీద గడప దాటి, బండి పట్టుకుని పైకెక్కాలి. నాకు చేతనవును. చేశాను. ఇస్త్రీ చీర నిండా పసుపు అయింది. దారిన పోయే ఇద్దరు పరుగెత్తుకొచ్చి "అయ్యో, దాటించమంటారా అమ్మా" అన్నారు. ఆ మాట నా వెంట బాపట్ల నుంచి తెనాలి వచ్చేసింది.

సాయంత్రం జమలయ్యకి కబురు చేశాను.

"శుక్రవారం పూట గడప పీకమంటారేంటండి అమ్మాయిగారూ."

"రేపు పీకు."

"శనివారం నేను ఇనుము ముట్టనండి."

"ఆదివారం?"

"మా తోడల్లుడి ఇంట్లో పనండి."

"సోమవారం?"

కాసేపు తల గోక్కున్నాడు. "పసుపు రాసిన గడప ఏ వారమూ పీకకూడదండి. కళ్ళు పోతాయి. పెట్టమనండి, ఎన్నయినా పెడతా."

జూలై 12

అన్నమ్మ పొద్దున్నే వచ్చింది. "మా ఇళ్ళల్లో గడపకి పూజ లేదక్కా. నాకే దోషమూ అంటదు. నేను పీకేస్తా" అంది. తీరా వంగితే కుర్చీ ముందుకు ఒరిగింది. ఇద్దరం కూచుని ఆలోచించాం. బట్టలారేసే తాడు తెచ్చి గడప కింద సందులోంచి దూర్చి ముడేశాం. రెండో కొస నా బండి ఇరుసుకి కట్టాం. నేను బండెక్కి ఏటవాలు దారి వైపు తిరిగి కూచున్నాను.

"లాగక్కా" అంది అన్నమ్మ.

లాగాను. గడప కదల్లేదు. ఇంకా గట్టిగా లాగాను. గడప దగ్గర ముడి ఊడింది. బండి ఏటవాలు మీంచి దూసుకుపోయి, వీధి దాటి, ఎదురింటి సుగుణమ్మగారి బంతిమొక్కల్లో ఆగింది. తాడు వెనకాలే వచ్చింది. సుగుణమ్మగారు వాకిట్లోనే ఉన్నారు.

"ఎక్కడికమ్మా ఇంత హడావిడిగా?"

"ఊరికే పిన్నిగారూ. గాలికి."

జూలై 13

భుజం నొప్పి. ఆఫీసుకి సెలవు. బాపట్ల కొంచెం గుర్తుకొచ్చింది.

జూలై 15

పొద్దున పళ్ళు తోముకుంటుంటే జమలయ్య మాట గుర్తుకొచ్చింది. పీకకూడదు గానీ, ఎన్నయినా పెట్టొచ్చట. నోట్లో పేస్టు ఉండగానే అన్నమ్మని కేకేసి కబురు పంపించాను.

"జమలయ్యా, గడప ముట్టుకోవద్దు. దాన్ని ఆనుకుని బయట ఒక ఏటవాలు చెక్క, లోపల ఒక ఏటవాలు చెక్క పెట్టు."

"గడప గడపలాగే ఉంటుందా అండి?"

"ఉంటుంది."

"పసుపు రాసుకోవచ్చా అండి?"

"రోజూ రాస్తాను."

"అయితే దోషం లేదండి" అని హాయిగా పని మొదలుపెట్టాడు.

మొదటిసారి చెక్కలు మరీ పొట్టివి. బండి ఎక్కి గడప నెత్తిన నిలబడిపోయింది. ముందు చక్రం లోపల, వెనక చక్రాలు బయట, మధ్యలో నేను. సుగుణమ్మగారు చూడనట్టు నటించారు, పాపం. చెక్కలు పొడుగు చేసి మళ్ళీ పెట్టాడు. రెండోసారి జోరుగా తిప్పాను. లోపలికి వచ్చి బియ్యం డబ్బాని గుద్దుకున్నాను. గది నిండా బియ్యం. ఏరుకుంటూ ఎంతసేపు నవ్వానో.

జూలై 30

అమ్మ వచ్చింది. అన్నయ్య దింపి పొన్నూరు పోయాడు, ఆదివారం వచ్చి తీసుకెళ్తాడు. మాస్టారు కూడా ఆదివారమే వచ్చి అమ్మ మాట వింటారు. అమ్మ సంచీలో గుమ్మడి వడియాలు, కొరివికారం, నా చిన్నప్పటి వెండిగ్లాసు, ఇంకా సీసాలు. నేను అడవిలో ఉంటున్నానని అనుకున్నట్టుంది.

"ఇదేంటే, గడపకి అటూ ఇటూ చెక్కలు?"

"దిష్టి తగలకుండా పెట్టించానమ్మా."

అమ్మ తలూపింది. తరవాత ముక్కు ఎగబీల్చింది. రేపల్లె నుంచి అన్నమ్మ వాళ్ళ అమ్మ నిజాంపట్నం ఎండురొయ్యలు పంపించింది. అవి పక్కగదిలో వేగుతున్నాయి.

"ఏంటే ఈ వాసన?"

"సముద్రం గాలమ్మా."

"తెనాలికి సముద్రమెక్కడిదే?"

అమ్మ అగరొత్తులు వెలిగించింది. ఒకటి కాదు, కట్ట.

జూలై 31

శ్రావణం మొదటి శుక్రవారం. అమ్మ తెల్లారకముందే గడపకి పసుపు రాసింది. దిష్టి చెక్కలు కదా అని వాటికీ దట్టంగా రాసింది. నేను ఆఫీసుకి వెళ్ళాక చూసుకుంటే, మా ఇంటి నుంచి ఆఫీసు గుమ్మం దాకా రోడ్డు మీద పచ్చటి గీతలు. సాయంత్రం వాటి వెంటే ఇంటికొచ్చాను.

ఆగస్టు 1

అమ్మ అన్నం కలిపి చేతిలో పెట్టింది. తల దువ్వి జడ వేసింది. నేను మంచినీళ్ళ వైపు చూస్తే చాలు, గ్లాసు చేతిలో ఉంటోంది. స్నానాలగది తలుపు ఓరగా తీసి పెట్టి, బయట నిలబడి మాట్లాడుతూనే ఉంది. బాపట్లలో అంతే, ఎప్పుడూ. పడితే ఎవరు చూస్తారని నన్ను ఏ గదిలోనూ తలుపేసుకోనివ్వలేదు.

హాయిగా ఉంది. ఇందులో తప్పేముంది. నాలుగు రోజులేగా.

సాయంత్రం ఆలోచిస్తే, ఇవాళ బండి తిప్పడం తప్ప నేను చేసిన పనే లేదు. నాకే భయమేసింది. బాపట్ల గుర్తుకు రాలేదు. బాపట్లే వచ్చి నా గదిలో కూచుంది. రేపు అమ్మ ఏమంటుందో. అమ్మ వంక చూస్తే వడియాలు వేయిస్తోంది, ఏమీ తెలియడం లేదు.

ఆగస్టు 2

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున స్నానానికి వెళ్ళి తలుపేసి గడియ పెట్టాను. కావాలని అనుకుని పెట్టలేదు. చెయ్యి పోయింది, పెట్టింది.

"గడియెందుకే?" అంది అమ్మ బయట నుంచి.

"స్నానానికి."

"రోజూ చేసేదేగా. గడియెందుకు?"

నేను నీళ్ళు తోడుకోవడం మొదలుపెట్టాను. సగం స్నానమయ్యాక సబ్బు జారింది. దాని కోసం వంగితే చెయ్యి జారింది. స్నానం చేసే పీట మీంచి నేల మీద పడ్డాను. చెంబు కూడా పడి, నాకన్నా ఎక్కువ గోల చేసింది. మోచెయ్యి గీసుకుంది, అంతకన్నా ఏమీ కాలేదు. కానీ బయట ప్రళయం.

"పడిందండీ. పిల్ల పడింది" అంటోంది అమ్మ. అన్నమ్మ చక్రాలు వరండా మీద గిర్రున తిరిగాయి. అప్పుడే రైలు దిగి వచ్చిన అన్నయ్య "గునపం, గునపం" అంటున్నాడు. సుగుణమ్మగారు నీళ్ళు తేనా అంటున్నారు, లోపలున్నవే నీళ్ళు. ఇంతలో పైన వెంటిలేటరు దగ్గర మాస్టారి గొంతు.

"అమ్మా సరస్వతీ, భయపడకు. ట్రస్టు ఉంది."

"మాస్టారూ, అక్కణ్ణుంచి దిగండి. స్నానం చేస్తున్నాను."

ఆయన దిగిన చప్పుడు కన్నా స్టూలు పడిన చప్పుడు ముందు వినిపించింది.

ఎవరో జమలయ్యని పట్టుకొచ్చారు. ఆదివారమని తోడల్లుడి ఇంట్లోనే దొరికాడట. తలుపు మీద ఉలి ఆనించిన చప్పుడు తెలిసింది.

"జమలయ్యా, ఆదివారం తలుపు పగలగొట్టొచ్చా?" అనడిగాను లోపల నుంచి.

"ప్రాణం మీదికొస్తే ఏ వారమైనా పరవాలేదండి."

"ప్రాణం మీదికి రాలేదు."

"అయితే ఆగుతానండి" అన్నాడు.

అప్పుడు అమ్మ తలుపుకి నోరు ఆనించి అడిగింది. "బాలా. తీస్తావా, పగలగొట్టించనా?"

"ఆగమ్మా. పడ్డాను. లేస్తాను. లేచి, బట్టలు కట్టుకుని నేనే వస్తాను. ఆలస్యమవుతుంది. అందరూ ఆగండి."

అంత పెద్ద మాట నా నోట్లోంచి వచ్చిందంటే నాకే ఆశ్చర్యం. కమ్మీ పట్టుకుని లేవబోతే సబ్బు చేతులు జారాయి. చేతులు కడుక్కుని మళ్ళీ పట్టుకున్నాను. భుజం కలుక్కుమంది. పీట మీదికి వచ్చేశాను. స్నానం సగంలో ఉంది కాబట్టి అది కూడా పూర్తి చేశాను. చీర కట్టుకోవడం కూచుని చేస్తే ఒక పట్టాన తెమలదు.

గడియ తీసి బయటికొస్తే రైలు కోసం కూచున్నవాళ్ళలా అందరూ వరసగా కూచుని ఉన్నారు. అమ్మ నా మోచెయ్యి తిప్పి చూసింది. కొంగుతో నా మొహం తుడిచింది. తడి ఉన్నది ఆవిడ మొహం మీద.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "మాణిక్యాంబగారూ, మీరే చూశారు. మరి ఏమంటారు?"

"మా ఇంట్లో అయితే పడనిచ్చేవాళ్ళం కాదండి" అంది అమ్మ.

మనసులో అప్పటికే గిన్నెలు సర్దేస్తున్నాను.

"లేవనిచ్చేవాళ్ళమూ కాదు" అంది అమ్మ. చాలాసేపు నా మోచెయ్యి వదల్లేదు. "అయినా నన్నెందుకండి అడుగుతారు. ఉండేది అది. దాన్నడగండి."

మాస్టారు నా వైపు తిరిగారు. ఈ విషయం ఆయన నన్ను అడగడం ఇదే మొదటిసారి.

"ఏమ్మా?"

"ఉంటానండి" అన్నాను. గంభీరంగా అనాలనుకున్నాను. కీచుగా వచ్చింది.

ఆగస్టు 3

నిన్న సాయంత్రం అమ్మ వెళ్ళింది. ఏడ్చాను. తలుపేసి గడియ పెట్టుకుని, తీరిగ్గా ఏడ్చాను.

ఆగస్టు 23

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. అన్నమ్మ తలుపు తట్టదు, తన గదిలోంచే కేకేస్తుంది. మాస్టారయితే దగ్గుతారు.

"ఎవరూ?"

"నేనే. అమ్మని."

పుట్టి బుద్ధెరిగాక మా అమ్మ నా తలుపు తట్టడం చూడలేదు.

"రానా?" అంది.

"ఆగమ్మా, వస్తున్నా."

ఆగింది. అన్నయ్య ఏదో గొణిగితే "ఉండరా, వస్తున్నానంటోంది గదా" అని కసిరింది.

నిజానికి నేను తలుపు పక్కనే కూచుని బెండకాయలు తరుగుతున్నాను. చెయ్యి చాపితే గడియ అందుతుంది. అయినా ఉన్న బెండకాయలన్నీ తరిగాకే తీశాను.